వృద్ధాశ్రమాల్లో పెద్దల పళ్ళ సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకు వెళ్ళి పెద్దల పళ్ళు చూసే దంత వైద్యులను తరచూ అడిగే ప్రశ్నలివి. అడిగేది ఆశ్రమం నడిపేవాళ్ళు, రాత్రీ పగలూ దగ్గరుండి చూసుకునే ఆయమ్మలు, బెంగళూరు నుంచో కువైట్ నుంచో ఫోన్ చేసే పిల్లలు. ముందుగా ఒక మాట. డాక్టరు ఎప్పుడో ఒకసారి వచ్చి చేసే వైద్యం కంటే, రాత్రి పడుకోబెట్టే ముందు ఆయమ్మ చేసే రెండు నిమిషాల పని పెద్దల నోటిని ఎక్కువగా కాపాడుతుంది. అందుకే ఈ జవాబుల్లో చాలా భాగం ఆమె కోసమే రాశాం.

ఎనభై ఏళ్ళు వచ్చాక పళ్ళు ఊడటం మామూలే కదా, ఇంకా చూసేదేముంది?

వయసు ఒక్కటే పళ్ళను ఊడగొట్టదు. చిగుళ్ళ జబ్బు, పిప్పిపళ్ళు, పొగాకు, అదుపులో లేని షుగరు ఊడగొడతాయి. జపాన్‌లో 1989లో 'ఎనభై ఏళ్ళకు ఇరవై పళ్ళు' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అప్పట్లో అది అత్యాశలా కనిపించింది. 2016 నాటి సర్వేకు ఆ వయసువాళ్ళలో సగం మందికి పైగా ఇరవై పళ్ళు నిలబెట్టుకున్నారు.

ఇంకో సంగతి ఉంది. పళ్ళు పూర్తిగా లేనివాళ్ళకూ నోరు చూడాల్సిందే. నాలుక, బుగ్గల లోపలి వైపు, అంగిలి, చిగుళ్ళు అక్కడే ఉన్నాయి కదా. నోటి క్యాన్సరు పళ్ళున్నవాళ్ళనే వెతుక్కుంటూ రాదు.

నోరు శుభ్రంగా లేకపోతే న్యుమోనియా వస్తుందంటారు. నిజమేనా?

నిజమే. మింగే శక్తి తగ్గిన పెద్దలకు నిద్రలో ఉమ్మి కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పళ్ళ మీద, నాలుక మీద, కట్టుడు పళ్ళ మీద పేరుకున్న పాచిలోని సూక్ష్మజీవులు దాంతోపాటే పోతాయి. జపాన్‌లోని 11 వృద్ధుల కేంద్రాల్లో రెండేళ్ళపాటు జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. సిబ్బంది రోజూ నోరు శుభ్రం చేసినవాళ్ళలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, అలా చేయనివాళ్ళలో 19 శాతం మందికి వచ్చింది. ఖరీదైన మందేమీ లేదు అక్కడ, బ్రష్షూ మనిషీ అంతే. ఆశ్రమాల్లో పనివాళ్ళు తక్కువ, పని ఎక్కువ అని తెలిసే ఈ లెక్క చెబుతున్నాం. స్నానం, బట్టలు, మాత్రల వరసలోనే నోటి శుభ్రతనూ చేర్చాలి.

సొంతంగా తోముకోలేని వాళ్ళకు మేం ఎలా తోమాలి?

మొదట మనిషిని కూర్చోబెట్టండి. కుర్చీలో కూర్చుంటే వాళ్ళ పక్కన గానీ, కాస్త వెనక గానీ నిలబడి తలకు మీ చేత్తో ఆసరా ఇవ్వండి. ఎదురుగా నిలబడి బ్రష్షు నోట్లోకి తోస్తే ఎవరైనా భయపడతారు. చేతికి గ్లౌజు వేసుకోండి. పెదవులు ఎండిపోయి ఉంటే ముందు కొంచెం వాసెలిన్ రాయండి, లేకపోతే నోరు తెరిచినప్పుడు పగిలి మంట పుడుతుంది.

బ్రష్షు మెత్తనిది, తల చిన్నది కావాలి. చిన్నపిల్లల బ్రష్షు బాగా పనికొస్తుంది. పేస్టు బఠాణీ గింజంత చాలు. మింగడం కష్టమైనవాళ్ళకు బియ్యపు గింజంతే పెట్టండి. పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర బ్రష్షు కాస్త ఏటవాలుగా ఆనించి చిన్నచిన్నగా కదపండి. పాచి ఎక్కువగా చేరేది అక్కడే. బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు అయ్యాక నాలుక కూడా మెల్లగా తుడవండి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే చాలామంది భయపడి ఆపేస్తారు. ఆపకండి. ఎక్కువసార్లు ఆ రక్తం పాచి వల్ల వాచిన చిగురుది. మెత్తగా రోజూ తోమితే వారం పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, లేదా దానంతటదే కారుతుంటే డాక్టరుకు చూపించాలి.

చివర్లో ఉమ్మేయించండి. నీళ్ళతో పుక్కిలించి మొత్తం కడిగేయాల్సిన పని లేదు. పేస్టులోని ఫ్లోరైడ్ కాస్త పళ్ళ మీద మిగిలితేనే మేలు.

రోజుకు రెండుసార్లు తోమితే మంచిది. ఒక్కసారే కుదురుతుందంటే రాత్రిపూటే చేయండి. నిద్రలో ఉమ్మి తగ్గిపోతుంది, పళ్ళకు ఉన్న కాపలా అదే. మన ఇళ్ళల్లో పొద్దున లేవగానే తోమడమే అలవాటు కాబట్టి రాత్రి అనేసరికి పెద్దలు 'ఇప్పుడెందుకు నాయనా' అంటారు. నాలుగు రోజులు ఓపిగ్గా చెబితే అలవాటవుతుంది.

బ్రష్షులన్నీ ఒకే గ్లాసులో వేసి ఉంచే ఆశ్రమాలున్నాయి. దయచేసి అది మానేయండి. ఎవరి బ్రష్షు మీద వాళ్ళ పేరు రాసి విడివిడిగా, తల పైకి ఉండేలా ఆరబెట్టండి. మూడు నెలలకు, లేదా కుచ్చు విచ్చుకుపోయినప్పుడు మార్చండి.

మంచం పట్టినవాళ్ళ సంగతి? ముక్కులో గొట్టం ఉన్నవాళ్ళకు నోటితో తినే పనే లేదు కదా?

గొట్టం ఉన్నవాళ్ళకే ఎక్కువ అవసరం. నమలడం లేకపోతే నోరు తనను తాను శుభ్రం చేసుకోదు. ఎండిన కఫం, పాచి అంగిలికి అట్టలు కట్టి ఉండటం చాలాసార్లు చూశాం.

తలవైపు ఎత్తు పెట్టండి, వీలుకాకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చెంప కింద తువ్వాలు పరవండి. బ్రష్షును తడిపి, నీళ్ళు విదిలించి వాడండి. నోట్లో నీళ్ళు పోయకూడదు. నురగ రాని పేస్టు దొరికితే మంచిది, లేకపోతే పేస్టు చాలా తక్కువ వేయండి. తోమాక శుభ్రమైన తడి గాజ్ గుడ్డతో (గాయాలకు కట్టే పలచని గుడ్డ) నోరంతా తుడిచేయండి. అట్టలు కట్టి ఉంటే గీకి లాగకండి, ముందు తడిపి నాననివ్వండి. కఫం లాగే సక్షన్ మిషను ఉంటే పక్కనే పెట్టుకోండి. పళ్ళ మధ్య మీ వేలు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, పెద్దవాళ్ళు తెలియకుండానే గట్టిగా కొరికేస్తారు.

పుక్కిలించి ఉమ్మలేనివాళ్ళకు మౌత్‌వాష్ ఇవ్వొద్దు. క్లోర్‌హెక్సిడిన్ వాడమని డాక్టరు చెబితే గుడ్డకు అద్ది తుడవండి, చెప్పినన్ని రోజులే వాడండి. ఎక్కువకాలం వాడితే పళ్ళు గోధుమరంగుకు మారతాయి, నాలుకకు రుచి తగ్గుతుంది.

మతిమరుపు జబ్బున్న అవ్వ నోరే తెరవదు. బలవంతంగా తోమాలా?

వద్దు. ఒకసారి బలవంతం చేస్తే ఆ భయం గుర్తుండిపోతుంది. సంగతి మరచిపోయినా భయం మరచిపోరు. రేపటి నుంచి బ్రష్షు చూస్తేనే మొహం తిప్పుకుంటారు.

రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే చోట చేస్తే సగం పని తేలికవుతుంది. 'అవ్వా, మీ పండ్లు తోముదామా' అని పేరో వరసో పెట్టి పిలిచి, కళ్ళలోకి చూసి చెప్పండి. ఒక్కసారికి ఒక్క మాటే చెప్పండి. 'నోరు తెరువు, తల ఎత్తు, కదలకు' అని గుక్క తిప్పుకోకుండా చెబితే వాళ్ళకు ఏదీ అందదు. బ్రష్షు వాళ్ళ చేతికే ఇచ్చి, ఆ చేతి మీద మీ చెయ్యి వేసి మొదలుపెట్టండి. చిన్నప్పటి నుంచి చేసిన పని కాబట్టి చేతికి గుర్తుంటుంది. అద్దం ముందు నిలబెట్టడం కొందరికి పనికొస్తుంది. అద్దంలో ఎవరో ఉన్నారని బెదిరేవాళ్ళకు మాత్రం అద్దం వద్దు. ఆమె చేతికి ఒక చిన్న తువ్వాలో, ఇంకో బ్రష్షో ఇస్తే మీ చెయ్యి పట్టి లాగడం తగ్గుతుంది. పాత పాటో, భజనో మెల్లగా పాడే ఆయమ్మల దగ్గర నోరు సులభంగా తెరిచినవాళ్ళను చూశాం.

ఒప్పుకోకపోతే వదిలేసి అరగంట తర్వాత మళ్ళీ ప్రయత్నించండి. ఈ రోజు పైపళ్ళు, రేపు కిందిపళ్ళు అయినా ఫరవాలేదు. నిన్నటిదాకా తోమించుకుని ఈ రోజు ఉన్నట్టుండి వద్దంటే మాత్రం అది మొండితనం అనుకోవద్దు. నోట్లో ఎక్కడో నొప్పి ఉందేమో చూడాలి.

నొప్పి అని చెప్పలేనివాళ్ళకు నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది?

తినే తీరు చూడండి. ఇష్టమైనది కూడా వద్దనడం, ఒకవైపే నమలడం, చల్లనివి తగలగానే ఉలిక్కిపడటం, ముద్ద నోట్లోనే ఉంచుకోవడం. చెంప పట్టుకోవడం, మొహం కడగబోతే చెయ్యి విసరడం, రాత్రి నిద్రలేక మూలగడం కూడా గుర్తులే. ఇలాంటివాళ్ళను 'ఈ మధ్య కోపం ఎక్కువైంది' అని నిద్రమాత్రలు వేసి పడుకోబెట్టే ముందు ఒకసారి టార్చిలైటు వేసి నోట్లో చూడండి.

నొప్పికి లవంగ నూనె దూదికి అద్ది పంటి గుంతలో పెట్టవచ్చు, చిగురుకు తగిలితే పుండు పడుతుంది. ఆస్పిరిన్ మాత్ర పంటి దగ్గర అదిమి పెట్టడం అసలు వద్దు, కండ కాలిపోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు, రక్తం పలచన చేసే మాత్రలు వాడేవాళ్ళకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి తెచ్చి వేయడం ప్రమాదం. డాక్టరును చూసేదాకా పారాసెటమాల్ సరైన మోతాదులో వేస్తే చాలు. లివరు జబ్బుంటే అదీ అడిగే వేయండి.

చెంప లేదా దవడ కింద వాపు పెరుగుతూ, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

వేప పుల్లతో తోముకుంటామంటారు. మాన్పించాలా?

చేతిపట్టు బాగున్న పెద్దాయన వేప పుల్లో కానుగ పుల్లో బాగా నమిలి మెత్తగా చేసి వాడుకుంటే అడ్డు చెప్పం. కానీ అందులో ఫ్లోరైడ్ ఉండదు. చిగుళ్ళు కిందికి జారి వేరు బయటపడిన పళ్ళు పెద్దల్లో ఎక్కువ, ఆ వేరు మీద పిప్పి తొందరగా పడుతుంది. కాబట్టి పొద్దున పుల్ల, రాత్రి పేస్టు అని ఒప్పందం చేసుకోండి. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు, గరుకు పళ్ళపొడి మాత్రం వద్దు, పన్ను అరిగిపోతుంది. కొందరు అవ్వలు నశ్యంతో పళ్ళు తోముతారు, అది పొగాకే.

మా వైపు బోరు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువ. మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టు ఎందుకు?

అనంతపురం, కడప జిల్లాల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఇది అడగడం న్యాయమే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. అంతకంటే ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు దెబ్బతింటాయి.

పళ్ళ మీద పసుపు, గోధుమరంగు మచ్చలు పడేది మాత్రం చిన్నతనంలో, చిగురులోపల పన్ను తయారయ్యేటప్పుడు. పన్ను బయటికి వచ్చాక కొత్తగా ఆ మచ్చలు రావు. డెబ్బై ఏళ్ళ మనిషి పేస్టుతో తోమి ఉమ్మేస్తే ఫ్లోరైడ్ పన్ను పైపొరను గట్టిపరుస్తుంది, ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. కాబట్టి పేస్టు వాడొచ్చు. జాగ్రత్తపడాల్సింది ఆశ్రమంలో తాగే నీటి విషయంలో, దాన్ని పరీక్ష చేయించండి. పాత మచ్చలను పాచి అనుకుని గట్టిగా రుద్దకండి, అవి రుద్దితే పోవు.

నోరు ఎప్పుడూ పిడచగట్టుకుపోతోందంటారు. ఎండల వల్లేనా?

మన వైపు ఎండాకాలంలో నీళ్ళు చాలక కూడా అవుతుంది. కానీ ఏడాది పొడవునా ఉంటే ఎక్కువసార్లు మాత్రలే కారణం. బీపీ, నిద్ర, మానసిక సమస్యలు, అలర్జీ, మూత్రానికి సంబంధించిన మందుల్లో చాలావాటికి నోరు ఎండే గుణం ఉంది. రోజుకు ఐదారు రకాలు మింగేవాళ్ళకు ఇంకా ఎక్కువ. మాత్రలు మీరే ఆపొద్దు, చీటీ తీసుకెళ్ళి డాక్టరును అడగండి.

గుటక గుటకగా నీళ్ళు తాగించండి. చక్కెర వేసిన టీ పదేపదే ఇవ్వడం, చప్పరించడానికి బెల్లం ముక్కో పిప్పరమెంటో ఇవ్వడం వల్ల ఎండిన నోట్లో పళ్ళు నెలల్లోనే పుచ్చిపోతాయి. ఆస్తమాకు ఇన్‌హేలర్ పీల్చేవాళ్ళతో పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయించండి, లేకపోతే నోట్లో తెల్లటి బూజు పడుతుంది.

కట్టుడు పళ్ళు రాత్రి తీసేయాలా? ఎలా కడగాలి?

రాత్రి తీసేయాలి. చిగుళ్ళకు విశ్రాంతి కావాలి. పెట్టుకునే పడుకునేవాళ్ళ అంగిలి ఎర్రగా మారి ఫంగస్ పడుతుంది, మూతి మూలలు చీలుతాయి. జపాన్‌లో 85 ఏళ్ళు దాటినవాళ్ళ మీద 2015లో వచ్చిన అధ్యయనంలో, కట్టుడు పళ్ళతో నిద్రపోయేవాళ్ళకు న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది.

కడిగేటప్పుడు తొట్టిలో నీళ్ళు పోసో, కింద తువ్వాలు పరిచో కడగండి. చేయి జారి నేల మీద పడితే సెట్టు రెండు ముక్కలవుతుంది. మెత్తని బ్రష్షు, మామూలు చేతి సబ్బు చాలు. పళ్ళ పేస్టు గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాచి చేరుతుంది. వేడినీళ్ళు పోస్తే ఆకారం మారిపోయి ఇక సరిపోదు. రాత్రంతా చల్లని నీళ్ళలో, మూత ఉన్న డబ్బాలో ఉంచండి. పొద్దున పెట్టే ముందు చిగుళ్ళను, నాలుకను తడి గుడ్డతో తుడవండి.

సెట్టు మీద పేరు రాయించండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, పదిమంది సెట్లు ఒకే చోట కడిగి ఎవరివి ఎవరివో తెలియక తికమక పడిన ఆశ్రమాలున్నాయి. కొత్త సెట్టు కట్టేటప్పుడే పేరున్న కాగితం లోపల అమర్చమని డాక్టరును అడగవచ్చు. ఆసుపత్రికి పోయేటప్పుడు కాగితంలో చుట్టి దిండు కింద పెట్టొద్దు. ఊడ్చేటప్పుడు చెత్తలోకి పోతుంది.

విరిగితే ఫెవిక్విక్‌తో అతికించకండి. ఒకటి రెండు పళ్ళుండి కొక్కేలతో పట్టుకునే చిన్న సెట్లు వదులైతే మింగేసే ప్రమాదం ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళ విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోండి.

మా నాన్నకు 85 ఏళ్ళు. ఉన్న సెట్టు వదులైంది. డబ్బు పంపుతాను, కొత్తది కట్టిస్తారా?

పళ్ళు పోయాక దవడ ఎముక ఏటేటా అరుగుతుంది, అందుకే సెట్టు వదులవుతుంది. వెంటనే కొత్తది కట్టించడమే మార్గం కాదు. పాతదానికి లోపలి వైపు కొత్త పొర వేస్తే చాలాసార్లు సరిపోతుంది. తప్పనిసరై కొత్తది చేసినా పాతదాని ఆకారంలోనే చేయించమని మా సలహా. ఆ వయసులో నాలుక, బుగ్గలు కొత్త ఆకారానికి అలవాటుపడటం కష్టం.

ఐదారేళ్ళుగా సెట్టు లేకుండానే తింటూ, మతిమరుపు ముదిరిన మనిషికి కొత్త సెట్టు కట్టించడం మాత్రం మేం ప్రోత్సహించం. ఎక్కువమంది వాటిని పెట్టుకోరు, డబ్బా లోనే ఉంటాయి. కొడుకుగా ఏదైనా చేయాలన్న మీ తపన అర్థమవుతుంది. ఆ డబ్బుతో మంచి బ్రష్షులు, పేస్టు, రాత్రిపూట ఇంకో ఆయమ్మ ఉండే ఏర్పాటు చేయగలిగితే మీ నాన్నకు ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇంటికొచ్చి గంటలో పన్ను అతికించేస్తామనే చదువులేని వాళ్ళను నమ్మొద్దు. పక్కపళ్ళకు ప్లాస్టిక్‌తో అంటించేస్తారు. దాని కింద శుభ్రం చేసే దారి లేక, బాగున్న పళ్ళు కూడా పోతాయి.

రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు. పన్ను పీకాలంటే మాత్ర ఆపాలా?

మీ అంతట మీరు ఆపొద్దు. ఆపితే గుండెపోటో పక్షవాతమో వచ్చే ముప్పు, పీకిన చోట కాసేపు రక్తం కారడం కంటే చాలా పెద్దది. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నా మామూలుగా ఒకటి రెండు పళ్ళు పీకవచ్చు, గట్టిగా దూది అదిమి, కుట్లు వేస్తే రక్తం ఆగుతుంది. వార్ఫరిన్ వాడేవాళ్ళకు ముందు ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే రక్తపరీక్ష) చేయించాలి. అది 4 లోపు ఉంటే సాధారణంగా పీకుతారు.

ఎముకల బలానికి ఏడాదికోసారి ఇంజెక్షన్, వారానికోసారి మాత్ర తీసుకునేవాళ్ళు, క్యాన్సరుకు అలాంటి ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్ళు ఆ మాట తప్పకుండా చెప్పండి. పన్ను పీకాక దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం వాళ్ళకు ఉంటుంది. అడిగినప్పుడు 'బీపీ, షుగరు అంతే' అని ఈ ఇంజెక్షన్ సంగతి చెప్పడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

షుగరు ఉన్నవాళ్ళను పొద్దున తీసుకురండి, ఎప్పటిలాగే తిని, మాత్ర వేసుకుని రావాలి.

ఆకూ వక్కా నమలకుండా ఉండలేనంటుంది మా జేజి. ఈ వయసులో ఎందుకు మాన్పించడం?

వక్క ఒక్కటే, పొగాకు లేకపోయినా, క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2004లో తేల్చింది. కాబట్టి 'పొగాకు వేసుకోదు లెండి' అన్న మాట సరిపోదు. ఉన్నపళంగా లాక్కుంటే మనసు కష్టపెట్టుకుంటారు. ముందు పొగాకు, ఆ తర్వాత వక్క తగ్గిస్తూ, ఉత్త తమలపాకుతో సోంపు ఇచ్చి చూడండి. ముద్ద రాత్రి బుగ్గన పెట్టుకుని పడుకోకుండా చూడటం అన్నిటికంటే ముందు చేయాల్సింది.

రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గడ్డ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, ఇవి కనిపిస్తే నొప్పి లేకపోయినా చూపించండి. మొదట్లో నొప్పి ఉండదు.

పళ్ళు లేవని రోజూ గంజి, జావే ఇస్తున్నాం. సరేనా?

రాగి సంగటి మెత్తగా కలిపి పప్పుతోనో పులుసుతోనో పెట్టండి, బాగా ఉడికిన కూర, గుడ్డు మెదిపి ఇవ్వండి. ఉత్త జావతో బలం చాలదు. శెనక్కాయలు తినాలనిపిస్తే పొడి చేసి ఇవ్వండి. తిన్నాక బుగ్గల్లో మెతుకులు మిగిలాయేమో చూడండి, పక్షవాతం ఉన్న వైపు తప్పకుండా చూడండి.

ఆశ్రమంలోనే వైద్యం చేస్తారా? ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్ళాలి?

పరీక్ష, గార తీయడం, సెట్టు సరిచేయడం, కదులుతున్న పన్ను తీయడం ఆశ్రమంలోనే చేయవచ్చు. డ్రిల్లు అవసరం లేకుండా చేతి పనిముట్లతోనే పిప్పి గీకి, ఫ్లోరైడ్ వదిలే సిమెంటుతో నింపే పద్ధతి ఉంది. 1980ల్లో టాంజానియాలో, కరెంటు లేని పల్లెల కోసం మొదలైంది. మంచం మీదున్న పెద్దలకు ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు. ఇంకొకటి వెండి కలిసిన ఫ్లోరైడ్ మందు. పిప్పి మీద అద్దితే పెరగకుండా ఆగుతుంది, కానీ అక్కడ పన్ను నల్లబడుతుంది. ముందుపళ్ళకైతే పెద్దలకు చెప్పి, ఒప్పుకున్నాకే వేస్తాం.

లోతుగా పాతుకున్న పన్ను, చీము వాపు, అనుమానపు పుండు, 180/110 దాటిన బీపీ ఉంటే ఆసుపత్రికే. కడపలో రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలులో ప్రభుత్వ సర్వజన వైద్యశాల, జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల, అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెద్దలకు విడిగా క్యూ ఉండాలి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని గంటలు నిలబెడితే ఈ మాట గట్టిగానే అడగండి. వృద్ధులకు సంబంధించిన ఏ ఇబ్బందికైనా 14567కి ఫోన్ చేయవచ్చు, కాల్‌కు డబ్బు తీసుకోరు.

పన్ను తీయడానికి ఒప్పుకోవాల్సింది ఎవరు? కొడుకు సంతకం చాలా?

మాట తెలిసిన పెద్దలైతే వాళ్ళే ఒప్పుకోవాలి. కొడుకు డబ్బు కడుతున్నా, నిర్వాహకులు చెబుతున్నా, నోరు వాళ్ళది. 'వద్దు నాయనా, ఇట్లే ఉండనీ' అంటే కారణం అడుగుతాం, భయం తీర్చే ప్రయత్నం చేస్తాం, తర్వాత కూడా వద్దంటే ఆగుతాం. అర్థం చేసుకోలేని స్థితి అయితే దగ్గరి బంధువుల సంతకం తీసుకుంటాం, అప్పుడు కూడా నొప్పి తీసే వైద్యం ముందు, మిగతాది తర్వాత.

డాక్టరు వచ్చే రోజుకు మేం ఏం సిద్ధం చేయాలి?

కిటికీ వెలుతురు పడే గది, తల ఆనించే వీలున్న కుర్చీ, చెయ్యి కడుక్కునే నీళ్ళు, ప్లగ్గు పాయింటు. ప్రతి ఒక్కరి మందుల చీటీ, మాత్రల స్ట్రిప్పులతో సహా. ఆ ఉదయం చూసిన బీపీ, షుగరు ఒక కాగితం మీద. సెట్లు ఉన్నవాళ్ళు వాడినా వాడకపోయినా తెచ్చుకోవాలి. అందరికంటే ముఖ్యం, రోజూ నోరు శుభ్రం చేసే ఆయమ్మ ఆ రోజు సెలవులో ఉండకూడదు. ఎవరు ఒకవైపే నములుతున్నారో, ఎవరి నోట్లో వాసన మారిందో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పరీక్ష చేసేటప్పుడు ఆమెను మా పక్కనే నిలబెట్టుకుంటాం, ఎక్కడ సరిగా తోమడం లేదో చూపించి, అక్కడికక్కడే ఆమె చేత చేయిస్తాం.